కరెంటుకు రంగేంది బాబాయ్!

గుంటూరు మిర్చి యార్డులో బస్తా మూతి విప్పగానే గుప్పెడు కాయలు తీసి అరచేతిలో దొర్లించి చూసే మనిషిని మీరు చూసే ఉంటారు. తేజా కాయో, మూడు ముప్పైనాలుగో ఒక్క చూపుకే తేల్చేస్తాడు. నాలుగు కాయలు వెలిసి కనబడితే చాలు, 'తాలు తగిలిందయ్యా' అని రేటు కోస్తాడు. ఎరుపులో ఎన్ని ఎరుపులున్నాయో ఆయనకు తెలిసినంత బొమ్మలేసేవాళ్ళకు కూడా తెలియదు. ఆ మహానుభావుడే ఇంటికొచ్చి, గోడలోంచి వేలాడే వైరు పట్టుకుని 'కరెంటుకు రంగేంది?' అంటాడు.

మా ఇంటికి వైరింగు చేసిన కుర్రాడూ ఇదే మాటన్నాడు. "ఎర్ర చుట్ట అయిపోయింది బాబాయ్, ఆకుపచ్చది మిగిలితే లాగేశా. ఏం గాదులే, లోపలుండేది రాగేగా!" నిజమే, లోపలుండేది రాగే. సున్నమూ పెరుగూ తెల్లగానే ఉంటాయి గనక ఏది పడితే అది అన్నంలో కలుపుకుందామా అని అడగబోయి, సగం పనిలో వెళ్ళిపోతాడేమోనని ఊరుకున్నా.

పత్తి చేలో మందు కొట్టే రైతుకు రంగు విలువ ఒకరు చెప్పాలా? పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చదరం ఉంటుంది. దాని కింది సగం ఎర్రగా ఉంటే మహావిషం. పసుపు దాని తర్వాతది, నీలం ఇంకాస్త తక్కువ, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. చిత్రమేమిటంటే వైర్లకూ ఆ నాలుగు రంగులే వచ్చిపడ్డాయి. కాకపోతే ఇక్కడ విషంలో గ్రేడ్లు లేవు. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, మూడూ ఒకే రకంగా కొడతాయి. నలుపు న్యూట్రలు. ఆకుపచ్చ ఎర్తు, అంటే మనల్ని కాయాల్సిన వైరు. మా కుర్రాడు సరిగ్గా ఆ కాపలావాడి చొక్కానే దొంగకు తొడిగి వెళ్ళాడు.

ఈ ధీమా బోరు దగ్గర పుట్టిందని నా అనుమానం. మూడు ఫేజుల మోటారుకు ఏ రెండు వైర్లు తారుమారైనా అది వెనక్కి తిరుగుతుంది, నీళ్ళు సరిగా రావు. రైతు స్టార్టరు విప్పి రెండు వైర్లు అటుదిటు మారుస్తాడు, ధారగా పడతాయి. మోటారు క్షమించింది గనక ఇల్లూ క్షమిస్తుందనుకుంటాడు. ఇల్లు క్షమించదు. పదేళ్ళ తర్వాత ఇంకో కుర్రాడొచ్చి ఆ ఆకుపచ్చ వైరును ఎర్తనుకుని సాకెట్టులో ఎర్తు స్క్రూకు బిగిస్తాడు. అంతటితో కూలరు ఇనుప ఒంటికి 230 వోల్టులు ఎక్కుతాయి. 'టెస్టరుందిగా' అంటారు. టెస్టరు చేతిలో ఉన్నవాడికే చెబుతుంది. తొట్టిలో నీళ్ళు పోయడానికి తడిచేత్తో వచ్చే పిల్ల దగ్గర టెస్టరుండదు.

రంగులు నమ్మినవాడు బాగుపడ్డాడా అంటే, అతనికీ ఓ గుంట తవ్వి ఉంది. గదికో ఫేజు ఇచ్చిన ఇంట్లో గోడలోని నీలం వైరు ఫేజు. కూలరు వైరులో మాత్రం గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రలు. బుద్ధిగా నీలాన్ని నీలానికే కలిపితే, కూలరు స్విచ్చి కట్టేసినా లోపల కరెంటు అలాగే ఉంటుంది! ఇందులో మాత్రం కుర్రాడి తప్పు లేదు. ఎరుపు, పసుపు, నీలం, నలుపు మనకు ఇంగ్లీషువాళ్ళు వదిలిపోయిన పద్ధతి. వాళ్ళు 2004లో రంగులు మార్చేసి, 2006 ఏప్రిల్ నుంచి కొత్తవే తప్పనిసరి చేసుకున్నారు. అక్కడిప్పుడు నీలం న్యూట్రలు, నలుపు ఫేజు. మన గోడలు పాత పంచె కట్టుకుని ఉన్నాయి, బజారులో కొన్న సామాను కొత్త ప్యాంటు వేసుకుని వస్తోంది. ఇక అమెరికా నుంచి సెలవులకొచ్చిన అబ్బాయిని బోర్డు ముట్టుకోనివ్వకండి. అక్కడ నలుపులోనే కరెంటుంటుంది, న్యూట్రలు తెలుపు.

గోడ పైన వేసే రంగు కోసం ఇంటిల్లిపాదీ షేడ్ కార్డు పట్టుకుని వారం రోజులు పోట్లాడుకుంటాం. గోడ లోపలి రంగు అడిగిన యజమానిని నేనింతవరకు చూడలేదు. ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు పోసి పూడ్చినరోజే దానికి తద్దినం పెట్టేస్తాం. తులసికోటకు రోజూ పోసే చెంబెడు నీళ్ళలో అప్పుడప్పుడూ ఓ చెంబు దానికీ పోయాలని ఎవరికీ తోచదు.

రోహిణీకార్తె రాకముందే అటక మీది కూలరు దించుతారుగా, దాని ప్లగ్గు చూడండి. మూడు పిన్నుల్లో లావుది మిగతావాటికంటే పొడుగ్గా ఉంటుంది, ముందుగా తగిలి చివరగా ఊడాలని. అది ఎర్తు. దాన్ని విరగ్గొట్టి ఉన్నా, ప్లగ్గే పీకేసి వైర్లను అగ్గిపుల్లలతో గుచ్చి ఉన్నా, కూలరు మళ్ళీ అటకెక్కించి విసనకర్ర తీసుకోండి.