మందరం తిరిగింది గానీ...

కొండని వీపున మోసి, దేవతలూ రాక్షసులూ చెరోపక్క లాగుతుంటే గిర్రున తిరగనిచ్చిన దేవుడు మా ఊళ్లో ఉన్నాడు. అలాంటి శ్రీకూర్మంలో, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు లావున్న గ్రబ్ స్క్రూ ఒకటి పావు చుట్టు తిరగనని భీష్మించుకు కూర్చుంది.

అది మా మేనల్లుడి ఎయిర్ పిస్టల్‌ది. వాడు విశాఖలో పది మీటర్ల షూటింగ్ నేర్చుకుంటున్నాడు. డోలోత్సవానికి ఇంటికొస్తూ పిస్టల్‌నీ తెచ్చాడు. లైసెన్సు అక్కర్లేని 4.5 మి.మీ. రకమే. అయినా శ్రీకాకుళం జిల్లాలో తుపాకీ అన్న మాట అరవయ్యో దశకపు నక్సలైటు పోరాటం నుంచీ కాస్త గొంతు తగ్గించే అంటారు. మా అప్పయితే ‘ఆ సామాను’ అంటుంది. దాంతో ఇరుగుపొరుగుకి అనుమానం ఇంకా ముదిరింది.

గురి చూసే వెనక సైటుని పట్టుంచే స్క్రూ అది. దానికి తలుండదు. లోపల ఎలెన్ కీ దూరేందుకు ఆరు పలకల గుంట మాత్రం ఉంటుంది. సైటు విడిగా కొన్నది, అమెరికా కొలతలది. గుంట 1/16 అంగుళం, అంటే 1.59 మి.మీ. మావాడు పెట్టిన కీ 1.5 మి.మీ. తేడా వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసిలోనే పలకలన్నీ అరిగి గుంట గుండ్రంగా తయారైంది. “దూరింది కదా మావా!” అన్నాడు. దూరిందల్లా సరిపోయినట్టు కాదు, మా బావ పెళ్లినాటి చెప్పులు ఇప్పటికీ వదులే.

సైటు ఇసుమంత పక్కకి జరిగి అక్కడే బిగుసుకుంది. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య 35 సెం.మీ. ఉంటే, మిల్లీమీటరులో పదో వంతు జరిగినా పది మీటర్ల అవతల గుండు మూడు మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. పది పాయింట్లిచ్చే వలయమే మొత్తం 11.5 మి.మీ. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌కి పిస్టల్ మొరాయించి ఫైనల్ చేజారింది, 2024లో పారిస్‌లోగానీ ఒలింపిక్ పతకం రాలేదు. మావాడు తన స్క్రూని తీసుకెళ్లి ఆ చరిత్రలో కలిపేశాడు.

అరుగు మీద సలహాలకి కొదవేముంది? బావ కిరసనాయిలు పోయమన్నాడు. వెల్డింగాయన పైన నట్టు పెట్టి అతికేస్తానన్నాడు. లావు బోల్టుకైతే అది మంచి ఉపాయమే, ఇక్కడ మాత్రం స్క్రూ, సైటూ, పిస్టలూ ఏకశిలా విగ్రహమైపోతాయి. సైకిల్ షాపు మావైతే సుత్తితోనే వచ్చాడు. “ఇంతోటి మరకి ఇంత గోలేటి బావూ! రొండు దెబ్బలేస్తే అదే ఒస్తాది.”

ఎందుకు తిరగట్లేదని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మాట అడిగినవాడు సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు. భూతద్దం కంట పెట్టుకుని, మర అంచున నీలంగా ఉన్న చారని సూదితో గీకాడు. అదురుకి మరలు వదులవకుండా పూసే జిగురట. అది 250 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. దానికితోడు మా సముద్రపు గాలి పట్టించిన తుప్పు.

“ముందు గుండు లేదని చూసి, గాలి సిలిండరు ఇప్పీ. 200 బార్ ఉంటాది,” అన్నాడు. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. ఈ లెక్క విన్నాక అరుగు మీద చోటు బాగా దొరికింది.

సిలిండరు ఊడదీసి దూరంగా పెట్టాక, సోల్డరింగ్ ఐరన్ మొన గుంటలో ఆనించి కూర్చున్నాడు. కాస్త ఘాటు వాసన లేచింది. గుంటకన్నా ఒక్క పిసరు లావైన ఆరు రెక్కల టార్క్స్ బిట్ నిలబెట్టి, కంసాలి తాత దగ్గర తెచ్చిన చిట్టి సుత్తితో తట్టాడు. అరిగిన గోడల్లోకి రెక్కలు దిగాయి. బరువంతా కిందికి నొక్కి, మణికట్టు కదిలీ కదలనట్టు తిప్పాడు. టిక్కుమంది! పొట్టు పొట్టుగా రాలుతున్న నీలి జిగురుతో స్క్రూ పైకొచ్చింది. రాకపోతే ఎడమకి తిరిగే డ్రిల్ బిట్టే గతి, దానికి విశాఖ వెళ్లాల్సిందే.

“నా సుత్తిని సూసే బయపడింది,” అన్నాడు సైకిల్ షాపు మావ, వీధిలోంచే.

కుర్రాడు సామాన్లు సర్దుకుంటుంటే అప్ప లోపల్నుంచి మిక్సీ జారు తెచ్చి వాడి ముందు పెట్టింది. దాని అడుగున మర అరిగిపోయి ఏడాదైందట.