ఎమ్మెల్యేకెందుకండీ ఆంక్షల గొడవ!

అంటురోగం ముంచుకొచ్చినప్పుడు శాసనసభ్యులను అడుగుతూ కూర్చుంటే ఆలస్యమైపోతుందని మన ఏలికల గట్టి నమ్మకం. స్పీకరు 'కూర్చోండి, కూర్చోండి' అనేదాకా వైరస్ ఆగదు కదా! వాదం నాకూ నచ్చింది. 2020 మార్చి క్యాలెండరే దానికి సహకరించడం లేదు.

ఆ నెల మొదట్లో తెలంగాణ అసెంబ్లీ కొలువుదీరే ఉంది. కరోనాకు పారాసిటమాల్ చాలునని ముఖ్యమంత్రి సెలవిస్తే, ఆ మాత్ర మహిమ మనకు తెలిసింది అక్కడే. 16న సభను ముందుగానే ముగించారు. 22న లాక్‌డౌన్ జీవో వచ్చింది. అడగాల్సినవాళ్లను ముందు ఇళ్లకు పంపి, ఆ తర్వాత జనాన్ని ఇళ్లలో ఉండమన్నారు. ఆధారమా? ప్లేగు రోజుల్లో, 1897లో, తెల్లదొరలు రాసుకున్న అంటువ్యాధుల చట్టం. ఎమ్మెల్యే అనే ప్రాణి అప్పటికింకా పుట్టలేదు కనుక, అతణ్ణి అడగాలన్న ఊసే అందులో లేదు.

అలాగని ఎమ్మెల్యేను మరిచిపోలేదు. రోడ్లమీద పోలీసులే కనిపిస్తున్నారు, ప్రజాప్రతినిధులెక్కడని 24న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే గద్దించారు. నిర్ణయానికి పనికిరాని మనిషి కాపలాకు పనికొచ్చాడు, బియ్యం పంచడానికీ పనికొచ్చాడు.

శంషాబాద్ సంగతే చూడండి. విమానాలు ఆపింది ఢిల్లీ. మే 25న మళ్లీ ఎగరమన్నదీ ఢిల్లీయే. నడుమ రెండు నెలలు ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవరు కిస్తీ ఎలా కట్టాలి? ట్రాలీలు తోసే కాంట్రాక్టు కుర్రాడు ఏం తినాలి? వాళ్లు వెళ్లి తలుపు తట్టేది రాజేంద్రనగర్ ఎమ్మెల్యే ఇంటిదే. సచివాలయం గేటు దాటనివ్వరుగా! కష్టం చెప్పుకునేది ఒకరికి, ఉత్తర్వు రాసేది మరొకరు.

2021లోనూ అదే తంతు. మార్చి 23న బడులు మూసేస్తున్నామని విద్యామంత్రి సభలోనే ప్రకటించారు. సభ శ్రద్ధగా ఆలకించింది. ఏప్రిల్ 19న ఆంక్షల సంగతి తేల్చమని హైకోర్టు 48 గంటల గడువు పెడితే మర్నాటికే రాత్రి కర్ఫ్యూ దిగింది. కోర్టుకు జవాబు చెప్పే తీరిక దొరికిందన్నమాట.

అన్నిటికన్నా ముచ్చటైనది ప్రభుత్వోద్యోగుల జీతాల కోత. దానికి 2020 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చారు, సెప్టెంబరులో సభచేత చట్టం చేయించారు. ఉద్యోగి జీతం ఆపడానికి శాసనసభ కావాలి. మనిషి గడప దాటకుండా ఆపడానికి జీవో చాలు!

న్యూజిలాండ్‌లోనూ పార్లమెంటు వాయిదా పడింది. కానీ ప్రతిపక్ష నాయకుడి అధ్యక్షతన ఓ కమిటీ వీడియోలో కూర్చుని మంత్రులనూ అధికారులనూ నిలదీసింది. అందుకని అక్కడ ఆంక్షలేమీ ఆగిపోలేదు.

మన ఎమ్మెల్యేలందరూ ధన్వంతరులని నేననను. మొదటిరోజు జీవో ఇవ్వండి, కాదనేవారు లేరు. పదోరోజుకల్లా సభ ముందు పెట్టండి. సభ ఒప్పుకోకపోతే పదకొండోరోజున ఎత్తేయండి. అదీ కుదరదంటారా? అయితే ఇన్ని కోట్లు పోసి ఎన్నికలెందుకు? కాపలా కాయడానికీ బియ్యం పంచడానికీ టెండరు పిలవండి. చౌకలో తేలిపోతుంది.