హెచ్ఎంలకు కొన్ని తలకిందుల సలహాలు

బడి బాగుపడాలంటే అందరూ చెప్పేది ఒకటే: పదో తరగతి మీద దృష్టి పెట్టండి, సిలబస్ గడువులోగా ముగించండి, నూరు శాతం ఉత్తీర్ణత సాధించండి. నేను చెప్పబోయేవి వాటికి ఎదురు. వినగానే తప్పనిపిస్తాయి. అయినా పిల్లలందరికీ చదువు రావాలంటే, బడిలో ఉన్న మంచి ముందుగా వెనకబడ్డవాళ్లకే చేరాలి.

1. గట్టి టీచరును పదో తరగతికి వేయకండి.
ప్రాథమిక బడిలో ఒకటో తరగతికి, హైస్కూల్లో ఆరో తరగతికి వేయండి. కూడబలుక్కుని చదివే పిల్లకు ఆరులోనే ఆసరా దొరకాలి. చివరి మూడు నెలల బట్టీ మార్కులు తెస్తుందేమో గాని చదువు తేలేదు.

2. రోజూ ఒక గంట సిలబస్ ఆపండి.
ఆ గంటలో తరగతులు పక్కనపెట్టి, అక్షరాల దగ్గరున్నవాళ్లు, పదాలు చదివేవాళ్లు, పేరా చదివేవాళ్లు, కథ చదివేవాళ్లు అని జట్లు చేయండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా చేస్తున్నది ఇదే. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఈ పద్ధతిని బళ్లలో పరీక్షించారు. సరిగా అమలైన చోట పిల్లల చదువు మెరుగైంది. నెలకోసారి చదివించి చూసి జట్లు మార్చండి. ‘డల్ సెక్షన్’ అని ముద్ర వేశారో, అసలుకే మోసం.

3. ఉత్తీర్ణత శాతంతో ఫ్లెక్సీ కట్టకండి.
చదువురాని పిల్లల చేతిలో టీసీ పెట్టి పంపేస్తే ఏ బడికైనా నూరు శాతం వస్తుంది. ఆరో తరగతిలో చేరినవాళ్లలో ఎందరు పది గట్టెక్కారో అది గోడ మీద రాయండి.

4. వయసు మీరిన పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టకండి.
పన్నెండేళ్ల పిల్ల ఆరేళ్లవాళ్ల పక్కన సిగ్గుతో ఎన్నాళ్లో నిలవదు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన ఎంవీ ఫౌండేషన్, పనుల్లో ఉన్న పిల్లలను బ్రిడ్జి క్యాంపుల్లో చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ఈ పద్ధతినే పిల్లల హక్కుగా చేసింది.

5. తల్లిదండ్రులను బడికి పిలిపించకండి.
పిల్ల రెండు రోజులు రాకపోతే మీరే ఇంటికి వెళ్లండి. స్కూల్ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. సమావేశం పొద్దున పదకొండింటికి పెడితే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? సాయంత్రం, వాళ్ల వాడలోనే పెట్టండి.

ఇవన్నీ ఒక్కసారే మొదలుపెట్టనక్కర్లేదు. వచ్చే సోమవారం ఒక్కొక్క పిల్లనూ పిలిచి ఒక పేరా చదివించండి. తడబడినవాళ్ల పేర్లు రాసుకోండి. ఆ జాబితాను ముందు పెట్టుకుని టైంటేబుల్ వేయండి.