పండ్లు చూసి కొన్న గిటారు

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఒక పిల్లగాడు గిటారు అమ్ముతున్నాడంటే వెళ్లి, 500 బయానా ఇచ్చి, చూసి చెప్తానని ఇంటికి తెచ్చుకున్నాను. ధర 9,000. "వింటేజ్ పీసన్నా, గిబ్సన్" అన్నాడు. పొట్ట మీది రంధ్రంలోకి సెల్‌ఫోన్ లైటు కొట్టి చూస్తే లోపలి కాగితం సగం చినిగి 'సన్' ఒక్కటే మిగిలింది. 1902లో అమెరికాలో పెట్టిన గిబ్సన్ కంపెనీది కావచ్చు, మన కలకత్తా గివ్‌సన్ కావచ్చు. మధ్యలో ఒక్క అక్షరం తేడా, ధరలో మాత్రం ఒక ఇల్లు తేడా.

మామకు చూపించాను. నలభై ఏళ్లు పశువుల అంగడిలో ఎడ్ల బేరాలు చేసిన మనిషి. గిటారును ముట్టుకోవడం అదే మొదలు.

"సన్ అంటే కొడుకే గదా అల్లుడా? అయ్య పేరు తెల్వకుంట ధరెట్ల కడ్తం?"

ఎద్దు వయసు పండ్లలో ఉంటుంది. రెండేళ్లు దాటితే పాలపండ్లు ఊడి మొదటి జత వస్తుంది, ఐదేళ్లకు కింది వరసలో ఎనిమిదీ నిండుతాయి. మరి దీనికి పండ్లేవని అడిగాడు. ఫ్రెట్లు చూపించాను. మామ బొటనవేలి గోరుతో ఒక్కొక్క పట్టీనీ గీకుతూ పోయాడు. మొదటి మూడింటి మీద తీగ కింద గుంటలు పడ్డాయి. నాలుగో దాని నుంచి చివరిదాకా కొత్త పెండ్లికూతురి మట్టెల్లా మెరుస్తున్నాయి.

"దీన్ని కొట్టినోడు మూడు దాటి పోలే. నీ లెక్కనే నేర్చుకుని ఇడిసిపెట్టిండు."

తర్వాత మెడ. వడ్లాయన కట్టె వంకర చూసినట్టు ఒక కన్ను మూసి తల వైపు నుంచి చూశాడు. మెడ ముందుకు వంగింది. తీగల లాగుడు అలాంటిది మరి. దాన్ని తట్టుకోవడానికే మెడలో ఇనుప చువ్వ పెడతారు, గిబ్సన్ వాళ్లు 1923లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. చువ్వ తిప్పితే వంపు తగ్గుతుందన్నాను. "కాడి మోసి వంగిన మెడను కీలు తిప్పి నిలబెడ్తరా?" అని మామ ఆ కంపెనీని మొదటిసారి మెచ్చుకున్నాడు. కానీ ఈ గిటారు రెండు వేసవులు రేకుల కింద అటక మీద పడుకున్నదట. తీగలు కట్టే కింది పట్టీ దగ్గర జిగురు ఊడి, పోస్టుకార్డు దూరేంత సందు పడింది. రంధ్రం అంచు చూస్తే చెక్క పొరలు పొరలుగా ఉంది. జిట్రేగి అన్నాడు పిల్లగాడు. అది ప్లైవుడ్.

పైన వార్నిషు మాత్రం నిగనిగ. అమ్ముదామని కొత్తగా కొట్టించాడట. పాత గిటారుకు అంతకంటే పెద్ద చెరుపు లేదు. అసలు రంగు పోతే ధర సగానికి పడిపోతుందని ఆ వ్యాపారుల లెక్క. "కొమ్ములకు రంగేసినోడు ఏదో దాస్తుండని అర్థం" అన్నాడు మామ. అయితే ఫెండర్ వాళ్లు కొత్త గిటార్లను కావాలని గీకి, రంగు ఊడగొట్టి, ఇంకా ఎక్కువకు అమ్ముతారని చెప్తే నమ్మలేదు. కర్ట్ కొబేన్ 1993లో ఎంటీవీ కచేరీలో వాయించిన 1959 నాటి మార్టిన్ గిటారు 2020 వేలంలో 60 లక్షల డాలర్లు దాటిందన్నా ఆశ్చర్యపోలేదు. "ఎవని చేనుల దున్నిందో ఎద్దుకు అదీ ధరే" అన్నాడు.

మరునాడు బేరానికి ఇద్దరం పోయాం. మామ భుజం మీది తువ్వాల తీసి పిల్లగాడి చేతి మీద కప్పి, లోపల వేళ్లు పట్టుకున్నాడు. అంగడిలో ధర అలాగే చెప్తారు, పక్కవాడికి తెలియకుండా. మూడు వేళ్లు నొక్కాడు, అంటే 3,000. పిల్లగాడు బిక్కమొహం వేసి, "పెద్దాయనకు చెయ్యి గుంజుతున్నట్టుందన్నా" అని నీళ్ల బాటిల్ తెచ్చిచ్చాడు. మామ ఆ బాటిల్ ఖాళీ చేసేలోగా నేను నోటితోనే బేరమాడి, బయానా పోను 3,000కు తెగ్గొట్టాను. కొత్త తీగల సెట్టు మీదుమిక్కిలి.

వస్తూ వస్తూ కోమటిచెరువు కట్ట మీద బండి ఆపించాడు. "ఏదన్న ఒకటి కొట్టు" అన్నాడు. నాకు వచ్చిన ఒక్క పాటా కొట్టాను. మామ చెరువు చూడలేదు, నా వేళ్లే చూశాడు.

"నీ చేతులల్ల గూడ నాలుగోది అరగదు గని, మల్ల అమ్మేటప్పుడు మంచి ధరే వస్తది."