నేను ఎక్స్‌రే పెట్టెను

మూడు, నాలుగు కిలోలుంటాను. గుర్రంకొండ కోట కింద క్షయ పరీక్షల శిబిరం పెట్టినప్పుడల్లా నన్ను స్టాండుకు బిగిస్తారు.

"అవ్వా, మెళ్లో గొలుసు తీసేయ్. గాలి పీల్చు... బిగబట్టు... ఇడ్సు."

బొమ్మ ల్యాప్‌టాప్‌లో పడగానే కృత్రిమ మేధ దానికి మార్కు వేసి, అనుమానమున్న చోట రంగు పూస్తుంది. ఆ అవ్వకు కుడి ఊపిరితిత్తి పైభాగమంతా ఎర్రబడింది. మా టెక్నీషియన్ తొందరపడలేదు.

"మునుపెప్పుడన్నా టీబీ వచ్చిండెనా?"

"పెండ్లయిన కొత్తలో ఆరోగ్యవరంలో పండుకొనుంటి గదా నాయనా!"

మానిన పాత మచ్చ కావచ్చు. కళ్లె పరీక్షలో తేలుతుంది. మార్కు వేసిన మేధ మాత్రం ఆ ముక్క అడగలేదు.

ఆరోగ్యవరం మాకు పుట్టిల్లు. మదనపల్లె పక్కన 1912 నాటి శానటోరియం అది. 1950లో అక్కడి డాక్టరు యోహానెస్ ఫ్రిమోట్ మొల్లర్ బృందం మా పూర్వీకులను చుట్టుపక్కల పల్లెలకు తిప్పి, వేలమందికి ఎక్స్‌రేలు తీసింది. ప్రతి ఫిల్మునూ మనిషే చదవాలి. ఒకే ఫిల్మును ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదువుతారని అమెరికాలో గణాంకవేత్త యెరుషల్మీ అప్పటికే లెక్కలతో చూపించాడు. అందుకే మనిషి కన్ను తప్పు చేయదంటే నేనొప్పుకోను.

2016లో కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ రేడియాలజిస్టులను తయారుచేయడం ఇక ఆపేయమన్నాడు. అయినా నీట్ పీజీలో పై ర్యాంకర్లు రేడియాలజీ సీటు కోసం ఎగబడుతూనే ఉన్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పదిహేనేళ్లు, ఆపై వయసువారి క్షయ వడపోతలో డాక్టరుకు బదులు సాఫ్ట్‌వేర్ చదివినా సరేనంది. దాంతో ఇక్కడ ఎవరి ఉద్యోగం పోయింది? ఇలాంటి శిబిరాలకు రేడియాలజిస్టు ఏనాడొచ్చాడు గనక!

దెబ్బ తగిలితే పట్నంలో తగలాలి. ఫిల్ముకింతని తీసుకుని చదివిపెట్టే టెలీరేడియాలజీ వాళ్లకు తేలిక ఫిల్ములు తగ్గొచ్చు. అదైనా సర్దుకుంటుందేమో. నా గుబులంతా కుర్ర డాక్టర్ల గురించి. ఏ జబ్బూ లేని ఫిల్ములు వేలకొద్దీ చూస్తేనే వాళ్ల కన్ను కుదురుతుంది. అవన్నీ సాఫ్ట్‌వేరే చూసేస్తే చిక్కు ఫిల్ము పోల్చుకోవడం వాళ్లకెక్కడ అబ్బుతుంది?

ఇక మా టెక్నీషియన్. ఇదివరకు ఎక్స్‌రే తీసి పంపితే అతని పని అయిపోయేది. ఇప్పుడు మార్కు అతని ఎదుటే పడుతోంది, జనం అతన్నే నిలదీస్తున్నారు.

"ఏం నాయనా, నాకు మళ్లీ జబ్బొచ్చిందని చెప్తాండాదా ఈ పెట్టె?"

"అనుమానపడతాండాదంతే అవ్వా. గల్ల ఇచ్చిపో, రెండ్రోజుల్లో నేనే ఫోన్ చేస్తా."

ఆ ఫోన్ చేయడం అతని డ్యూటీలో ఎక్కడా రాసిలేదు. కాంట్రాక్టు జీతం ఇప్పటికీ ఎక్స్‌రే తీసినందుకే ఇస్తున్నారు.