తీసివేసిన రాష్ట్రమే తిరిగి యిచ్చు: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం

తే. తీసివేసిన రాష్ట్రమే తిరిగి యిచ్చు,
కొత్త యూరికి వచ్చినా గోల పోదు,
పాత బాకీలు తీర్చక పత్రమేది?
దూరమైనను జాబితా దొరకఁబట్టు.

అవతారిక

అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, రాష్ట్రాలు. ఆ అధికారం ఇల్లినాయిలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానిది, టెక్సస్‌లో పబ్లిక్ సేఫ్టీ శాఖది. తాగి కారు నడిపిన నేరం రుజువై లైసెన్సు పోగొట్టుకున్న, ఇల్లినాయిలోని నేపర్‌విల్ నివాసి ఒకడు, ఉద్యోగం మారి డాలస్ శివారులోని ఫ్రిస్కోకు కాపురం తరలించి, రాష్ట్రం మారింది గనుక గ్రహచారమూ మారి ఉంటుందని తలచి, లైసెన్సు కౌంటరు ముందు నిలిచిన సందర్భంలోనిది ఈ పద్యం. వక్త గుమాస్తా, శ్రోత దరఖాస్తుదారు. రసం శ్రోతకు కరుణ, వెనక వరుసలో నిలబడ్డవారికి రౌద్రం.

ప్రతిపదార్థం

తీసివేసిన = రద్దు చేసిన; రాష్ట్రమే = ఆ రాష్ట్రం మాత్రమే; తిరిగి యిచ్చు = (నడిపే అర్హతను) మళ్లీ ఇస్తుంది; కొత్త యూరికి = మరో రాష్ట్రానికి; వచ్చినా = తరలినప్పటికీ; గోల = చిక్కు; పోదు = తీరదు; పాత బాకీలు = జరిమానాలు, రుసుములు; తీర్చక = చెల్లించకుండా; పత్రమేది = అడ్డంకి తొలగిందని చెప్పే క్లియరెన్సు లేఖ ఎక్కడిది?; దూరమైనను = సుమారు 1,500 కిలోమీటర్లు అయినప్పటికీ; జాబితా = నేషనల్ డ్రైవర్ రిజిస్టర్; దొరకఁబట్టు = పట్టి ఇస్తుంది.

టీక

‘తీసివేసిన’ అన్న పదాన్ని ‘నిలిపివేసిన’ అన్న అర్థంలో తీసుకోరాదు. నిలిపివేత, అనగా సస్పెన్షన్, గడువు ముగిసి రుసుము కట్టగానే పాత లైసెన్సుకే ప్రాణం వచ్చే మూర్ఛ వంటిది. రద్దు, అనగా రివొకేషన్, పునర్జన్మ ఎత్తితే తప్ప తీరని మరణం వంటిది. ఇల్లినాయిలో తాగి నడిపిన నేరానికి మొదటిసారి శిక్ష పడితే రద్దు కనీసం ఏడాది పాటు ఉంటుంది గాని, ఏడాది నిండినంత మాత్రాన లైసెన్సు నడిచి ఇంటికి రాదు. మళ్లీ బండి అప్పగించవచ్చునని విచారణలో తేలవలసిందే. ‘రాష్ట్రమే’ అనడంలోని ఏకారం అవధారణార్థకం, అంటే మరొకరికి ఆ శక్తి లేదని నిర్ధారించేది. కార్డు అచ్చువేసి ఇవ్వవలసింది టెక్సస్సే అయినా, ఇల్లినాయి ముడి విప్పనిదే టెక్సస్ చేయి కదలదు. కొత్తగా వచ్చినవారు పాత రాష్ట్రపు లైసెన్సుతో 90 రోజులు నడుపుకోవచ్చునన్న టెక్సస్ వెసులుబాటు కూడా చెల్లుబాటులో ఉన్న లైసెన్సుకే గాని చచ్చినదానికి వర్తించదు.

‘కొత్త యూరికి’ అన్నచోట సంధి జరగక యడాగమం వచ్చింది. పద్యానికి కీలకం ఇక్కడే ఉంది. 1960ల తొలినాళ్లలో మొదలైన డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ రాష్ట్రాల మధ్య సంధి. ఒక డ్రైవరుకు ఒకే లైసెన్సు, ఒకే రికార్డు అన్నది దాని సూత్రం. జార్జియా, విస్కాన్సిన్ వంటి కొన్ని రాష్ట్రాలు ఆ సంధిలో చేరలేదు గనుక అక్కడికి వెళితే గోల వదులుతుందని పూర్వపక్షం. సంధి లేనిచోట యడాగమం వచ్చి నిలిచినట్లు, కాంపాక్ట్ లేనిచోట 1960 నాటి చట్టంతో పుట్టిన నేషనల్ డ్రైవర్ రిజిస్టర్ వచ్చి నిలుస్తుందని సమాధానం. అందులో 50 రాష్ట్రాలూ రాజధాని వాషింగ్టనూ పాల్గొంటున్నాయి.

ఈ జాబితా కథంతా చెప్పదు, వేలు మాత్రమే చూపుతుంది. గుమాస్తా పేరూ పుట్టినతేదీ కొట్టగానే, ఆ వ్యక్తిపై చర్య తీసుకున్న రాష్ట్రం ఏదో తెర మీద తేలుతుంది. తక్కిన చరిత్ర ఆ రాష్ట్రాన్నే అడిగి తెలుసుకోవాలి. హైదరాబాదులో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్టు చూపి గట్టెక్కవచ్చునన్న రెండవ పూర్వపక్షమూ నిలవదు, ఏమంటే రద్దయినది కార్డు ఒక్కటే కాదు, నడిపే అర్హత.

‘పాత బాకీలు’ బహువచనం కావడం సాభిప్రాయం. కోర్టు జరిమానాలు ఒక బాకీ, పునరుద్ధరణకు ఇల్లినాయి పుచ్చుకునే 500 డాలర్లు ఒక బాకీ, అనేక రాష్ట్రాలు కోరే ఎస్‌ఆర్-22 మరొక బాకీ. ఎస్‌ఆర్-22 అన్నది బీమా కాదు, ఫలానావాడికి బీమా ఉన్నదని కంపెనీ ప్రభుత్వానికి పంపే పూచీ కాగితం. కారు లేనివాడు కూడా కారు లేనివారి పాలసీ కొని ఈ కాగితం పంపించవచ్చు, అనగా గుర్రం లేకపోయినా కళ్లేనికి పూచీ పడవచ్చు.

తాత్పర్యం

లైసెన్సు రద్దయినవాడు ఏ రాష్ట్రానికి తరలినా, రద్దు చేసిన రాష్ట్రానికి కట్టవలసినది కట్టి, చూపవలసినది చూపి, అడ్డంకి తొలగించుకున్న తరువాతనే కొత్త రాష్ట్రంలో దరఖాస్తు పెట్టుకోవాలని భావం.

విశేషం

ఇది తేటగీతి, తీ-తి, కొ-గో, పా-ప, దూ-దొ అన్నవి యతిస్థానాలు. ‘తిరిగి’ అన్నచోట శ్లేష ఉన్నది: ‘మళ్లీ’ అని ఒక అర్థం, ‘తిరుగులాడి’ అని మరొకటి. రెండవ అర్థంలో అది క్త్వార్థకం గనుక, తిరిగేవాడూ ఇచ్చేవాడూ ఒకే కర్త కావాలని వ్యాకరణం. ఇక్కడ ఇచ్చేది రాష్ట్రం, తిరిగేది దరఖాస్తుదారు గనుక దోషమని ఆక్షేపించేవారు ఉండవచ్చు. అయితే ఇల్లినాయి బయట నివసించేవారు విచారణకు స్వయంగా హాజరు కానక్కరలేదు. మద్యపానంపై నిపుణుడి మదింపు, చికిత్స పత్రాలు, అర్జీ ఒక కవరులో పెట్టి పంపుకోవచ్చు. కవరు ఇల్లినాయి రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి వచ్చేదాకా కారు గరాజులో, అర్జీదారు పొరుగువాడి పక్క సీటులో ఉంటారు. కనుక తిరిగేది కాగితమేనని సమన్వయం చేయవచ్చును గాని, దానివల్ల వ్యాకరణదోషం మాత్రం పోదు; కాగితమూ రాష్ట్రం కాదు.