మా ఇంటి బల్లి

నకిరేకల్‌లో మా ఇంటి ముందుగదిలో రోజూ రాత్రి ఏడింటికి ఒక మోసం జరిగేది. దాదాపు నాలుగు నెలలు సాగింది. మోసం చేసినవాణ్ణి నేనే. ముప్పై ఏళ్లు లెక్కల పంతులుగా బతికి, పక్కోని పేపర్లో చూసి రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించినోణ్ణి కూడా నేనే. అందుకే ఈ సంగతి బయట ఇంకొకరు చెప్పకముందే నేనే చెప్పుకుంటే కొంత మర్యాద.

రిటైరైన ఏడాది మా బిడ్డ హైదరాబాదు నుంచి అరవై ఒక్క మెట్ల కీబోర్డు ఒకటి తెచ్చి ఇచ్చింది. దాంతోపాటు లాప్‌టాప్‌లో మ్యూజ్‌స్కోర్ ఎక్కించింది. వెర్నర్ ష్వేర్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 2002లో మొదలుపెట్టిన పని అది. పైసా ఖర్చు లేదు. "ఉత్తరం రాయడానికి వర్డ్ ఎట్లనో, పాట రాయడానికి ఇది అట్ల డాడీ. నువ్వు స్వరాలు రాస్తే అదే వాయించి వినిపిస్తది. తెర మీద ఒక నీలం గీత కదులుతుంటది, దానివెంట నువ్వు వాయించుడే" అని చెప్పి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. గంటసేపు ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ముందు నన్ను కొట్టింది పాశ్చాత్యులు స్వరాలు రాసే ఆ ఐదు గీతలు. ఇంగ్లీషు రాయించే నాలుగు గీతల కాపీ నాకు తెలుసు. ఏ అక్షరం తల ఎక్కడ తగలాలో, ఏ అక్షరం తోక ఎక్కడిదాకా వేలాడాలో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇక్కడ ఒక గీత ఎక్కువ. పైగా గీతకూ గీతకూ నడుమ ఉన్న సందు కూడా ఒక స్వరమే. లెక్కలోడికి అది నచ్చాలి నిజానికి. నాకు కళ్లు తిరిగాయి.

సరే, సరళీ స్వరాలు నేనే ఎక్కిద్దామని కూర్చున్నా. 'స' కావాలి కదా అని ఎస్ నొక్కాను. స్వరం రాలేదు, విల్లులాగ వంగిన గీత ఒకటి ప్రత్యక్షమైంది. 'రి' కోసం ఆర్ నొక్కితే అంతకుముందు ఉన్నదే మళ్లీ పడింది. 'గ' అని జి కొడితే గాంధారానికి బదులు పంచమం వచ్చింది. 'ద' అని డి కొడితే ధైవతం కాదు, రిషభం. విసుగొచ్చి 'ని' అని ఎన్ నొక్కితే అసలు రాసే పనే ఆగిపోయింది. రెండు రోజులు దాన్ని తిట్టాను. మూడో రోజు తెలిసింది, దానికి మన సప్తస్వరాలు అక్కర్లేదు, ఏ నుంచి జి దాకా వాళ్ల ఏడక్షరాలే దాని లెక్క, సి అంటే మన 'స' అని. బిడ్డ పెట్టిపోయిన కాగితంలో మొదటి ముక్క అదే. కాగితం చదివితే పంతులెట్లవుతాను?

తర్వాత మాయామాళవగౌళ. మన పిల్లలందరూ మొదలుపెట్టే రాగమే. రిషభం, ధైవతం రెండూ తగ్గించాలి, మిగతావి ముట్టుకోవద్దు. ఆ ఐదు గీతల పద్ధతిలో స్వరాలు తగ్గించే గుర్తులను ముందే ఒక్కసారి పెట్టుకోవచ్చు గానీ, వాటికి ఒక వరస ఉంది. మొదట 'ని', తర్వాత 'గ', తర్వాత 'ద', ఆ తర్వాతే 'రి'. 'రి' దాకా పోవాలంటే ముందున్న ముగ్గురూ తగ్గాల్సిందే. రేషన్ షాపు దగ్గర లైనులో లాగా, నడుమ దూరనియ్యరు. దీనికీ దారుందని తర్వాత తెలిసింది. అప్పటికి నేను ఒక్కొక్క స్వరం పక్కన ఒక్కొక్క గుర్తు చేత్తో పెడుతూ మూడు వారాలు గడిపాను.

నిజం చెప్పాలంటే ఇదేమీ కొత్త కష్టం కాదు. 1890లలోనే మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు మన కృతులను ఆ ఐదు గీతల మీదికి ఎక్కించి అచ్చేశాడు. ఆయనకు సాయపడిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వేశాడు. అది తెలుగు లిపిలోనే, గమకాలకు వేరు వేరు గుర్తులతో సహా. అరవ దేశంలో తెలుగు అక్షరాల్లో అంత పని జరిగింది. వాళ్లెవరూ 'స' కోసం ఎస్ నొక్కలేదు గదా అని ఓదార్చుకునేవాణ్ణి.

అసలు గండం వాయించేటప్పుడు మొదలైంది. నిమిషానికి అరవై దెబ్బల వేగం పెట్టి మొదలుపెట్టాను. నీలం గీత రెండో ఆవర్తంలో ఉంటే నేను మొదటి ఆవర్తంలో గాంధారం ఎక్కడని వెతుకుతున్నాను. యాభైకి తగ్గించాను. నలభైకి తగ్గించాను. ముప్పైకి తగ్గించాక ఇంట్లోవాళ్లు ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ నడుమ లేచి పొయ్యి కాడికి పోయి రావడం మొదలుపెట్టారు. అడ్డుగీతల నడుమ ఉండే స్వరాల గదుల్లో, రాని నాలుగింటిని పదే పదే తిప్పే సౌకర్యం కూడా ఉంది దాంట్లో. ఆ నాలుగు గదులు తిరగ్గా తిరగ్గా పక్కింటి చంటోడికి వచ్చేశాయి. నాకు రాలేదు.

తాళానికి అది టక్ టక్ మంటూ దెబ్బ వేస్తది. మా అమ్మకు ఎనభై దాటాయి, చూపు ఆనదు. లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఆ సప్పుడు వినగానే "సత్యం, సత్యం" అనేది, వేలితో మంచంపట్టె మీద కొడుతూ. బల్లి పలికిందనుకునేది పాపం. ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు, ఎనిమిది సత్యాలు. "మనింట్ల బల్లి మస్తు పలుకుతుంది కొడకా, మంచిదే" అని సంబరపడేది కూడా. ఆ ముచ్చట చెడగొట్టడం ఎందుకని నేనూ ఊరుకున్నా.

ఆ గీత వెంట పరుగెత్తినప్పుడల్లా నాయిన యాదికొచ్చేవాడు. మూసీ కాలువ కింద మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడితే ఆయన హార్మోని పెట్టె పట్టేవాడు. పుస్తకం లేదు, గీతల్లేవు. లక్ష్మణుడి వేషం కట్టినోడు పదం మరిచిపోయి నిలబడిపోతే నాయిన తిత్తి మెల్లగా ఊపుతూ ఆ ఒక్క స్వరాన్నే సాగదీసేవాడు, వాడికి యాదికొచ్చేదాకా. జనానికి అది లక్ష్మణుడి దుఃఖమనిపించేది. ఆ పెట్టెనే 1940 నుంచి ముప్పై ఏళ్లకు పైగా ఆకాశవాణి వాళ్లు గడప తొక్కనియ్యలేదు, గమకం పలకదని. పలకకపోతే పలకకపాయె, ఆగుతుంది గదా. నీలం గీతకు ఆగడం తెలియదు. ఆగడానికి దానికి నేను వినిపించను కూడా.

అది నన్ను వినదని తెలిసిన రోజే నాలో దొంగ లేచాడు.

దాంట్లో మిక్సర్ అని ఒకటుంది. ఏ వాయిద్యం గొంతు ఎంత ఉండాలో అక్కడ తిప్పుకోవచ్చు. మనం వాయించే వాయిద్యం గొంతు అక్కడ నొక్కేస్తే మిగతావి వినిపిస్తాయి, వాటితో కలిపి మనం వాయించాలి. పద్ధతి అది. నేను తిరగేశాను. దాని గొంతు పెంచి, నా కీబోర్డు గొంతు పూర్తిగా తగ్గించాను. లాప్‌టాప్‌కు చార్జింగుతో నడిచే చిన్న స్పీకరు ఒకటి కలిపి కీబోర్డు వెనకాల దాచాను. వేగం తొంభైకి పెంచాను. వేళ్లు మాత్రం మెట్ల మీద అటూ ఇటూ ఆడించడమే. తాళం దెబ్బ మాత్రం ఉంచుకున్నా, అది లేకపోతే చేతులు ఎప్పుడు ఎత్తాలో నాకు తెలియదు మరి.

ఇంట్లో నా బతుకు మారిపోయింది. అంతకుముందు "గా లొల్లి బంద్ చేస్తవా లేదా" అన్న మా ఆవిడ ఏడింటికి అల్లం చాయ్ తెచ్చి పెట్టసాగింది. చుట్టాలకు ఫోన్లు పోయాయి. నిమ్మ మార్కెట్‌లో దుకాణం ఉన్న మా బావమరిది ఒకనాడు వచ్చి, రెండు పాటలు విని, గడ్డం గోక్కున్నాడు.

"ఏం బావా, ఒక్క తప్పు కూడా పోతలేదేంది?"

"సాధన" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తది.

మే నెలలో ఒక సాయంత్రం. బావమరిది కుటుంబం మొత్తం వచ్చింది. మలహరి రాగంలో పిళ్ళారి గీతం మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని తల కూడా ఊపుతున్నా. బయట గాలిదుమారం లేచింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. ఫ్యాను ఆగింది, లైటు పోయింది, కీబోర్డు మీద ఎర్ర దీపం పోయింది. కళ్లు మూసుకున్నానని చెప్పాను గదా, నాకేం తెలుస్తది? నేను వాయిస్తూనే ఉన్నాను. గీతం సాగుతూనే ఉంది, ఒక్క తప్పు లేకుండా, టక్ టక్ మని తాళంతో సహా.

ఫోను లైటు నా మొహం మీద పడింది. వెనకనుంచి మా ఆవిడ గొంతు.

"కరెంటు లేకున్నా మోగుతుందేందయ్యా నీ పెట్టె?"

చేతులు తీశాను. పాట ఆగలేదు. అంతకన్నా అన్యాయం ఇంకొకటి ఉండదు. బావమరిది వంగి కీబోర్డు వెనక చెయ్యి పెట్టి స్పీకరు బయటికి తీశాడు. అది అతని అరచేతిలో మలహరి పలుకుతూనే ఉంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మంచి కాయలు పైవరసల పేర్చి, అడుగున పుచ్చులు పెట్టిన బస్తా గిట్లనే ఉంటది బావా. మొదటినాడే అనుకున్న" అన్నాడు. ఆ రాత్రి ఎవరూ నవ్వు ఆపుకోలేదు. ఆపుకొమ్మని అడిగే మొహం నాకూ లేదు.

ఇప్పుడు నా గొంతు నాదే, వేగం నలభై. నాలుగు గదుల్లో రెండు వస్తున్నాయి. చాయ్ నేనే పెట్టుకుంటున్నాను. తాళం దెబ్బ పడితే మా అమ్మ సత్యం అనడం లేదు. మొన్న పొద్దున గోడ మీద నిజం బల్లి పలికినా, "గది మీ నాయిన మిషినేరా" అని మనవరాలితో ఫోన్లో అంది.